మేనత్త మోకాలు

తాస్‌గావ్
12 జూన్ 1996

మాలన్ ఆత్యకి సాష్టాంగ నమస్కారం.

ఇక్కడ అందరం క్షేమం అని రాయడం అలవాటు కాబట్టి రాశాను. నేను మాత్రం క్షేమంగా లేను. ఎడమకాలికి తొడ నుంచి మడమ దాకా పిండికట్టు వేసి గోడవార పడుకోబెట్టారు. దాని మీద అట్ట పెట్టుకునే ఈ ఉత్తరం రాస్తున్నాను.

మొన్న శనివారం ఖోఖో ప్రాక్టీసులో గుంజ దగ్గర మలుపు తీసుకుంటున్నాను. నువ్వు నేర్పిన మలుపే. చెయ్యి గుంజ మీద, ఎడమకాలు నేలలో పాతేసి, ఒళ్ళంతా ఒక్కసారి తిప్పెయ్యడం. ఒళ్ళు తిరిగింది, కాలు తిరగలేదు. మోకాలి చిప్ప పక్కకి జారిపోయింది. ఆత్యా, నిజంగానే పక్కకి! ముందుండాల్సింది బయటివైపు గడ్డలా నిలబడింది, దాని చోట గుంట పడింది. నేను అరిచానో లేదో నాకు గుర్తు లేదు, బజారు దాకా వినబడిందని వీళ్ళంటున్నారు. మా కోచ్ ధుమాళ్ సర్ పరిగెత్తుకొచ్చి కాలు మెల్లగా చాపారు. టక్కుమని దానంతటదే లోపలికి పోయింది.

మూడు వారాలు కట్టు ఉంచి, తర్వాత తొడకండకి వ్యాయామం చేస్తే సరిపోతుందని ఇక్కడి డాక్టరన్నాడు. నీ తమ్ముడు, మా ఆబా అయితే డాక్టరు మాట కూడా పట్టించుకోలేదు. "దీనికింత ఏడుపెందుకే? మీ ఆత్యకీ ఇలాగే అయింది. మళ్ళీ ఆడలేదూ? రాష్ట్రానికే ఆడింది. అక్కని అడుగు, ఏం చెప్తే అది చెయ్యి" అన్నాడు. ఆయీ మాత్రం రెండు రోజుల నుంచి వస్తూ పోతూ నా మోకాలి వైపు చూస్తోంది, కళ్ళు తుడుచుకుంటోంది.

దీపావళి అయ్యాక సాంగ్లీలో రాష్ట్ర జట్టు ఎంపిక. పదో ఏట నీ చెయ్యి పట్టుకుని మైదానానికి వెళ్ళినప్పటి నుంచి నాకు ఇంకో కోరిక లేదు. ఆ వరసలో ఒక గడి నాదవ్వాలి, నేను అందులో కూర్చోవాలి, అంతే. అది పోతే నేను ఏం చేసుకోను?

నువ్వేం చేశావో ఒక్కటీ వదలకుండా రాయి. అదే చేస్తాను. అందరూ నన్ను చూసి మేనత్త పోలిక అంటారు కదా, ముక్కూ నడకా నోరూ. మోకాలు కూడా నీదే అయ్యుంటుంది.

నీ వృషాలి


బార్శీ
21 జూన్ 1996

చి. వృషాలికి అనేక ఆశీర్వాదాలు.

నీ ఉత్తరం స్టాఫ్ రూములో చదివి పెద్దగా నవ్వాను. పక్కనున్న లెక్కల టీచరమ్మ మా ఇంట్లో ఎవరికో పెళ్ళి కుదిరిందనుకుని తీపి అడిగింది. నవ్వక ఏం చెయ్యమంటావు? నా మలుపు, నా గుంజ, చివరికి నా దెబ్బ కూడా పట్టుకుపోయావు. ఇంకేమైనా మిగిల్చావా నాకు?

నాది అరవై ఎనిమిదిలో. కొల్హాపూర్ వాళ్ళ మీద ఫైనలు. ఒక పొట్టిపిల్ల గుంజ చాటుకి పోతుంటే ఒళ్ళు గాల్లోకి విసిరి అందుకోబోయాను. పిల్ల దొరికింది, గుంజ కూడా దొరికింది. మోకాలి లోపలివైపు గుంజకి దబ్బున తగిలి చిప్ప బయటికి పోయింది. మీ తాత తన తలపాగా విప్పి కట్టు కట్టి, ఎడ్లబండిలో ఇంటికి తెచ్చాడు. నెల రోజులు నువ్వుల నూనె మర్దనా. తర్వాత పొద్దున వంద బస్కీలు, సాయంత్రం వంద. పూర్తిగా కిందికి దిగి, పిరుదులు మడమలకి తగిలేలా. మొదటి వారం కళ్ళమ్మట నీళ్ళు కారతాయి, కారనీ. ఆ చిప్ప ఆ తర్వాత ఒక్కనాడూ నన్ను పలకరించలేదు. మా బళ్ళో ఏ పిల్ల మోకాలు నొప్పన్నా నేనిచ్చే మందు ఇదే, ఇన్నేళ్ళుగా.

మీ అమ్మ ఏడుపు చెవిన పెట్టకు. విమల్ సుకుమారం నాకు తెలియనిదా? కాపురానికొచ్చిన ఏడాదికే మీ నాన్న బాళూ చేత ఇటుకలు తెప్పించి, నడుమెత్తు గట్టు కట్టించుకుని, నిలబడి జొన్నరొట్టెలు తట్టిన మహారాణి. మా అమ్మ అయితే పోయేదాకా నేల మీద పీటేసుకునే తట్టింది. ఆ గట్టు చూడటానికి వీధివీధంతా వచ్చిందంటే నమ్ము. పూజకి కూడా కుర్చీ కావాలంది మా మరదలు. నువ్వు ఆవిడ కడుపున పుట్టినా, నీ ఎముక మా ఇంటి ఎముక. దిగులు పడకు.

మన ఆటకి ఒకటే నియమం, చిన్నప్పుడే చెప్పాను. ఖో వినకుండా లేవకూడదు. విన్నాక ఆగకూడదు. ఇదిగో, నీ వీపు మీద నా చెయ్యి.

ఖో!
నీ ఆత్య


తాస్‌గావ్
26 ఆగస్టు 1996

మాలన్ ఆత్యకి సాష్టాంగ నమస్కారం.

కట్టు విప్పిన రోజు నా తొడ చూసి నేనే గుర్తుపట్టలేదు. ములక్కాడలా అయిపోయింది. నూనె మర్దనా చేశాను. బస్కీలు మొదటి వారం ఇరవై, తర్వాత యాభై, ఇప్పుడు నువ్వు చెప్పినట్టు పొద్దున వంద, సాయంత్రం వంద. ఒక్కపూట కూడా మానలేదు. తొడ మళ్ళీ తొడలా కనిపిస్తోంది.

అయినా జారుతోంది, ఆత్యా.

నాగపంచమి నాడు వెనక నుంచి ఎవరో పిలిస్తే తిరిగాను. అంతే. పరుగు లేదు, దూకుడు లేదు, వీధిలో నిలబడి తల తిప్పాను, చిప్ప పోయింది. తర్వాత కుళాయి దగ్గర బిందె ఎత్తుతూ ఒకసారి. పోయిన వారం మంచం మీద పక్కకి ఒత్తిగిలితే జారింది. నేనే చేత్తో నొక్కి లోపలికి పెట్టుకున్నాను. మొదటిసారి ప్రాణం పోయినంత నొప్పి. ఇప్పుడు అంత లేదు. నొప్పి తగ్గుతున్న కొద్దీ జారడం సులువవుతోంది. నాకు అదే భయంగా ఉంది.

ఇంకొకటి అడగాలి. బస్కీ అడుగుకి దిగినప్పుడు మోకాల్లో ఇసుక నూరినట్టు కిరకిరమంటుంది. సాయంత్రానికి మోకాలు నీరు పట్టి ఉబ్బుతుంది. నీకూ ఇలాగే ఉండేదా? ఎన్నాళ్ళుంది? నువ్వు రాయలేదు.

ఇక్కడి డాక్టరు చేతితో నొక్కి చూసి, వ్యాయామం సరిగ్గా చెయ్యడం లేదన్నాడు. ఆబా కూడా అదే అన్నాడు. నేను చేస్తున్నానని ఎవరికి చూపించను? ఆయీ ఒక్కతే నిన్న బస్కీలు తీస్తుంటే వచ్చి, "చాల్లే తల్లీ, ఇంక దిగకు" అంది. నేను విసుక్కున్నాను. నీ మాట మీద చేస్తున్న పని ఆవిడ ఆపమంటే ఎలా ఆపుతాను?

మైదానంలో నడిచేటప్పుడు కూడా నేల చూసుకుంటూ నడుస్తున్నాను. ముసలమ్మలా ఉన్నానని మా జట్టులో సవిత నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

త్వరగా జవాబు రాయి.
నీ వృషాలి


బార్శీ
10 సెప్టెంబరు 1996

చి. వృషాలికి ఆశీర్వాదాలు.

పోయిన ఆదివారం సోలాపూర్‌లో అంపైర్ల శిబిరంలో ధుమాళ్ కనిపించాడు. నీ గురించి అడిగాను. "చింతచెట్టు కింద మోకాలి మీద తువ్వాలు కప్పుకుని కూర్చుంటోంది బాయీ, పిలిస్తే రాదు. నిజంగా మీ మేనకోడలేనా?" అన్నాడు. అందరి ముందూ అడిగాడు. నేను టీ గ్లాసు కింద పెట్టి లేచొచ్చేశాను.

నాతో వంద, వంద అని రాస్తావు. మైదానంలో తువ్వాలు కప్పుకుంటావు. రెండిట్లో ఏది నమ్మాలి? నాకు కిరకిరలు లేవు, వాపులు లేవు. వంద అంటే వందే చేశాను కాబట్టి లేవు. నీ రోగం మోకాలికి కాదే పిల్లా, మనసుకి పట్టింది. ఒకసారి పడ్డావు, ఇక పడతానేమోనని ఎదురుచూస్తూ కూర్చున్నావు. అలా చూస్తూ ఉంటే పడక ఏమవుతావు?

ఇంకో మాట. ఎవరైనా ఆపరేషనంటే ఆ వీధిలో కూడా నిలబడకు. నా శిష్యురాలు జయమాలకి పోయినేడాది చిప్ప జారితే, వాళ్ళ నాన్న పెద్ద ఊరు తీసుకెళ్ళి, మోకాలి బయటివైపు బిగుతుగా ఉందంటే దాన్ని కోయించాడు. ఇప్పుడు ఆ పిల్ల చిప్ప ఇదివరకటి కంటే ఎక్కువ జారుతోంది. కర్ర పట్టుకుని బడికొస్తోంది. నిన్నలా చూడలేను. అందుకే తిడుతున్నాను.

పూటకి యాభై పెంచు. దీపావళి తర్వాత సాంగ్లీ వెళ్తున్నావు. వెళ్ళి తీరాలి.

ఖో!
నీ ఆత్య


బార్శీ
19 నవంబరు 1996

నా బంగారు వృషాలికి వెయ్యి ఆశీర్వాదాలు!

రెండు నెలలుగా ఉత్తరం లేదంటే అలిగావనుకున్నాను. అలిగితే అలిగావు, పని చేసి చూపించావు! నిన్న సాంగ్లీ ఎంపికల నుంచి మా వైపు అంపైరు ఒకాయన వచ్చాడు. తాస్‌గావ్ పిల్లలెలా ఆడారని అడిగితే, "మీ మేనకోడలు నాలుగో గడిలో కూర్చుంది. ఇన్నింగ్స్ అయ్యేదాకా రాయిలా కదల్లేదు. అలాంటి ఆసనం ఈ మధ్య చూడలేదు" అన్నాడు. తర్వాత బస్సుకి టైమైందని పరిగెత్తాడు. ఆ ఒక్క ముక్క చాలు నాకు.

బజారుకి పోయి కిలో పేడాలు తెచ్చి స్టాఫ్ రూములో పంచాను. లెక్కల టీచరమ్మ "ఇప్పుడైనా పెళ్ళేనా?" అంది. పెళ్ళి కంటే పెద్దదన్నాను. ధుమాళ్‌కి కూడా కార్డు రాశాను, నా మేనకోడలేనని.

జట్టులో పేరు వచ్చిందా? ఏ రోజు చెప్తారు? విమల్‌తో చెప్పు, ఆ గట్టు మీద నాకో పూరణ్‌పోళీ చేసి ఉంచమని. నిలబడి చేసినా తింటాను, పో.

ఖో! ఖో! ఖో!
నీ ఆత్య


తాస్‌గావ్
23 నవంబరు 1996

మాలన్ ఆత్యకి నమస్కారం.

నీ పేడాల ఉత్తరం అందింది. చదివి ఆబా బయటికి వెళ్ళిపోయాడు.

నేను రాయిలా కూర్చున్నది నిజమే. ఎందుకు కూర్చున్నానో ఆ అంపైరుకి తెలియదు.

ఆ రోజు పొద్దున మోకాలికి చీరపేలిక బిగించి, పైజామా తొడుక్కుని వెళ్ళాను. సర్‌కి బాగుందని అబద్ధం చెప్పాను. నీ సెప్టెంబరు ఉత్తరం నా సంచిలో ఉంది. గడిలో గొంతుక్కూర్చుని, మడమ ఎత్తి, సిద్ధంగా ఉన్నాను. ఇంకా ఒక్క ఖో కూడా నాకు రాలేదు. అవతలి పిల్ల నా పక్క నుంచి పోతుంటే ఎటు పోతోందోనని కొంచెం తిరిగాను. కూర్చున్నచోటే. చిప్ప బయటికి పోయింది. మోకాలు వంచి ఉంది కాబట్టి వెనక్కి రాలేదు. చాపితే వస్తుంది, చాపాలంటే లేవాలి. ఖో రాలేదు కదా, ఎలా లేస్తాను?

ఆత్యా, చిన్నప్పటి నుంచి ఖో ఎప్పుడొస్తుందా అని చెవులు రిక్కించి కూర్చున్నదాన్ని. ఆ రోజు నాకు ఖో ఇవ్వొద్దని దేవుణ్ణి వేడుకున్నాను. నేను! సవిత పరిగెత్తుకుంటూ నా వెనక్కి వచ్చి చెయ్యి ఎత్తింది, పక్క నుంచి నా ముఖం చూసింది, నన్ను దాటిపోయి ఐదో గడిలో పిల్లకి ఖో ఇచ్చింది. తర్వాత ఒక్కొక్కళ్ళూ చూశారు. ఇన్నింగ్స్ అయ్యేదాకా వాళ్ళు నన్ను దాటించే ఆడారు. పెదవి కొరుక్కుని రక్తం మింగుతూ కూర్చున్నాను. ఈల వేశాక అందరూ లేచారు, నేను లేవలేకపోయాను. తలుపు రెక్క మీద మోసుకెళ్ళారు.

నేను మనసు రోగిని కాదు. తువ్వాలు కప్పుకున్నది వాపు కనబడకుండా. పిల్లలు చూస్తే జాలిపడతారని. ఒక్క బస్కీ కూడా దొంగలెక్క చెప్పలేదు. నువ్వు నమ్మలేదు. రెండు నెలలు ఉత్తరం రాయంది అందుకే.

ధుమాళ్ సర్ మా ఆబాని తిట్టి, మిరజ్‌లో సబ్నీస్ అని మోకాళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. ఆయన నా కాలు చాపించి తీసిన ఎక్స్-రే చూసి పక్కన పెట్టేశాడు. మోకాలు బల్ల అంచున వంచి, పాదాల వైపు నుంచి తొడ వెంబడి ఇంకొకటి తీయించాడు. బావి గిలక చూశావా అని అడిగాడు. గిలకకి గాడి లోతుగా ఉంటే తాడు ఎంత లాగినా అందులోనే నడుస్తుంది. గాడి లేని గిలకైతే తాడు కొత్తదైనా గట్టిదైనా పక్కకి జారుతుంది. తొడ ఎముక చివర చిప్ప నడిచే గాడి నాకు దాదాపు లేదట. పుట్టుకతోనే. పైగా చిప్ప ఉండాల్సిన చోటు కంటే పైనుందట, దాన్ని పట్టి ఉంచే తాడు కింద ఎముకకి బయటివైపు ఎక్కువ జరిగి అతుక్కుందట. బస్కీలతో తాడు బలపడుతుంది, గాడి పుట్టదు అన్నాడు. కిరకిర అంటే చిప్ప అడుగున ఉన్న మెత్తని పొర అరిగిపోతోందని. ఇంకో ఏడాది ఇలా జారితే ముప్పై ఏళ్ళకి మెట్లెక్కలేనట.

కింద ఎముక మీద ఆ తాడు అతుక్కున్న ముక్కని కోసి, కొంచెం లోపలికీ కిందికీ జరిపి మరలతో బిగిస్తానంటున్నాడు. లోపలివైపు చిప్పని పట్టి ఉంచే పట్టీ తెగింది, దాన్ని కూడా కుడతాడట. ఆబా ఒప్పుకోలేదు. "మా అక్కకీ ఇదే అయింది, బస్కీలతోనే పోయింది" అన్నాడు. డాక్టరు ఆవిడ మోకాలు చూడాలని ఉందన్నాడు.

ఆబా సంతకం పెట్టాలి. నువ్వు ఒప్పుకుంటే గాని పెట్టడు. నిన్న గుమ్మం దాటుతూ మళ్ళీ పడ్డాను. ఇంట్లో గోడ పట్టుకుని నడుస్తున్నాను. నాకు పదిహేడేళ్ళు, ఆత్యా.

వృషాలి


బార్శీ
2 డిసెంబరు 1996

చి. వృషాలికి,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు అన్నం సయించలేదు. తలుపు రెక్క మీద మోసుకెళ్ళారా నిన్ను? నేనిక్కడ పేడాలు పంచానా? ఆ అంపైరు మళ్ళీ మా ఊరు రానీ, చెప్తాను.

కానీ ఎముక కోస్తాననడం ఏమిటే! జయమాలకి చర్మం కింద ఏదో పట్టీ కోస్తేనే కర్ర చేతికొచ్చింది. నీకు ఎముకే కోస్తానంటున్నాడు. గాడి లేదట! గిలకట! నాకు పోయింది, వచ్చింది. నీదీ నాదీ ఒకటే నెత్తురు. ఆయన నా మోకాలు చూస్తానన్నాడు కదా, చూపిస్తాను.

నిన్న ఇక్కడి ఎక్స్-రే కుర్రాడి దగ్గరికి వెళ్ళాను. మోకాలు వంచి, పాదాల వైపు నుంచి తియ్యమన్నాను. "అలా తియ్యరు బాయీ, పడుకోండి" అన్నాడు. ఒరేయ్, నువ్వు ఏడో క్లాసులో డ్రిల్లు ఎగ్గొట్టి మామిడికాయలు కోసింది నాకు గుర్తుందన్నాను. నీ ఉత్తరం పక్కన పెట్టుకుని అక్షరం అక్షరం చదివి చెప్తుంటే చచ్చినట్టు తీశాడు. బాగా వచ్చిందో లేదో తెలియదు, నాకైతే రెండు దుంపలు కనిపించాయి.

ఆ ఫిలిం అట్టల మధ్య పెట్టి గురువారం సాంగ్లీ బస్సు డ్రైవరు చేతికిస్తాను. తాస్‌గావ్ స్టాండులో బాళూని నిలబడమను. డాక్టరు ముందు పెట్టి చెప్పండి, ఇది మేనత్త మోకాలు, పిల్లదీ ఇదే, కత్తి లోపల పెట్టుకోమని.

ధైర్యంగా ఉండు. నేనున్నాను.

ఖో!
నీ ఆత్య


తాస్‌గావ్
15 డిసెంబరు 1996

మాలన్ ఆత్యకి నమస్కారం.

నీ ఫిలిం పట్టుకుని నిన్న ముగ్గురం మిరజ్ వెళ్ళాం. ఆబా దాన్ని బస్సులో ఒళ్ళోంచి దించలేదు. దేవుడి పటంలా పట్టుకున్నాడు.

డాక్టరు గోడకున్న దీపపు అద్దం మీద రెండు ఫిలింలూ పక్కపక్కన తగిలించాడు. ఎవరూ ఏమీ చెప్పక్కర్లేకపోయింది. నీ ఎముకలో గాడి దోసిలి పట్టినంత లోతుగా ఉంది. దాని మధ్యలో చిప్ప కదలకుండా కూర్చుంది. నాది రొట్టెల పీటలా బల్లపరుపు. చిప్ప ఒక అంచున వేలాడుతోంది. "ఈవిడకి గుంజ తగిలి చిప్ప పోయింది. ఎవరికి తగిలినా పోతుంది. గాడి బాగుంది కాబట్టి కట్టూ వ్యాయామమూ సరిపోయాయి. ఈ పిల్లకి తగలకుండానే పోయింది. దెబ్బ ఒకటే, మోకాళ్ళు వేరు. ఒకరికి నయం చేసింది ఇంకొకరికి చెయ్యదు" అన్నాడు. జయమాల సంగతి కూడా అడిగాను. తను చూడని మోకాలి గురించి చెప్పలేనన్నాడు. కానీ గాడి లేని వాళ్ళకి బయటి పట్టీ ఒక్కటీ కోస్తే చిప్పకున్న ఆసరా ఇంకా పోతుందట. ఆ పిల్లనీ ఇలా ఫిలిం తీయించి ఒకసారి తీసుకురమ్మన్నాడు. పంపుతావా?

ఆబా ఇంకా వదల్లేదు. "మేనత్త పోలిక డాక్టర్‌సాబ్, ఊరంతా అంటుంది" అన్నాడు.

అప్పుడు ఆయీ లేచింది. చీర కుచ్చెళ్ళు కొంచెం ఎత్తి డాక్టరు ముందు కుర్చీలో కూర్చుని, "నాది కూడా చూడండి" అంది. ఆయన చిప్పని ఒక వేలితో ఇలా నెట్టాడో లేదో, ఆయీ కుర్చీ చేతులు రెండూ గట్టిగా పట్టేసుకుంది. పదమూడో ఏట నుంచి జారుతోందట, ఆత్యా. మా అమ్మమ్మకీ జారేదట. గొంతుక్కూర్చుంటే జారుతుంది కాబట్టి ఆయీ ఎప్పుడూ అలా కూర్చోలేదు. గట్టు అందుకే. పూజకి కుర్చీ అందుకే. కాళ్ళలో లోపమంటే పెళ్ళి కాదని అమ్మమ్మ ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకుందట. చెప్పలేదు. సుకుమారం అని నువ్వన్నా, వీధంతా నవ్వినా ఊరుకుంది.

బస్సులో అడిగాను, నాకెందుకు చెప్పలేదని. "మీ ఆత్యలా ఆడుతున్నావు కదా, మోకాలు కూడా ఆవిడదే అయ్యుంటుందని సంబరపడ్డాను" అంది.

డాక్టర్ని ఇంకో మాట అడిగాను. ఆపరేషనయ్యాక గడిలో కూర్చుంటానా? నడుస్తావు, మెట్లెక్కుతావు, పరిగెత్తుతావు కూడా అన్నాడు. అంత కిందికి వంగి కూర్చుని ఒక్క ఉదుటున లేవడం మాత్రం మాటివ్వలేనన్నాడు. గాడి లేకపోవడం ఒకటి, అరిగిన పొర ఇంకొకటి. నీ మీద నింద వెయ్యాలని రాయడం లేదు. ఆయనన్నది రాస్తున్నాను.

ఆపరేషను లేకపోతే ఆటా లేదు, నడకా లేదు. ఉంటే నడక ఉంది. నాకు రెండూ కావాలని రాత్రంతా ఏడ్చాను. ఇప్పుడు ఒక్కటైనా చాలు. ఆబాకి ఒక్క ముక్క రాయి. చెయ్యించమని రాయి. నీ కాళ్ళు పట్టుకుంటాను.

నీ వృషాలి


బార్శీ
29 డిసెంబరు 1996

వృషాలికి,

నీ ఉత్తరం అందింది. పది రోజులైంది.

మా మైదానంలో పొద్దున పిల్లలు బస్కీలు తీస్తున్నారు. నేను లెక్కపెట్టాలి. మధ్యలో ఆపేశాను. ఇరవై ఏడు మంది. వాళ్ళలో ఎవరి గాడి ఎలా ఉందో నాకేం తెలుసు? ఇదివరకు వెళ్ళిపోయిన పిల్లలు ఎంతమంది? వందా చెయ్యలేక ఏడ్చి మానేసిన వాళ్ళని భయస్తులన్నాను.

జయమాల తండ్రితో మాట్లాడాను. వచ్చే నెల మిరజ్ తీసుకెళ్తాడు.

నన్నేమీ అడగొద్దని బాళూతో చెప్పు. మోకాళ్ళ విషయంలో నా మాటకి ఇక విలువ ఇవ్వొద్దు. విమల్ ముఖం ఎలా చూడాలో కూడా తెలియడం లేదు.

మాలన్


మిరజ్
24 ఫిబ్రవరి 1997

మాలన్ ఆత్యకి సాష్టాంగ నమస్కారం.

నీ ఉత్తరం చివర ఖో లేదు. కాగితం తిప్పి చూశాను, మడత లోపల చూశాను. నన్ను వదిలేశావనుకున్నాను.

ఆబా ఇంకోలా అర్థం చేసుకున్నాడు. "అక్క అడగొద్దంది, అంటే ఇష్టం లేదన్నమాట" అని ఆసుపత్రి కాగితం మడిచి పెట్టెలో పెట్టేశాడు. ఆ వారంలో రెండుసార్లు పడ్డాను. రెండోసారి ఆయీ గట్టు దగ్గర రొట్టె తడుతూ చూసింది. పిండి చేతులతోనే పెట్టె తెరిచి కాగితం తీసింది. ఆబా ఏదో అనబోతే, "నా మోకాలు నాకు తెలుసు. వదినగారికి తెలియదు, మీకు తెలియదు. ఇన్నేళ్ళు నేను నోరు మూసుకున్నాను కాబట్టే ఇది ఇలా పడుతోంది. కలం ఇవ్వండి" అంది. కాగితం మీద ఇప్పటికీ పిండి వేళ్ళ గుర్తులున్నాయి. డాక్టరు తల్లి సంతకం చాలన్నాడు.

జనవరి పదిన కోశారు. నొప్పి గురించి రాయను. ఆయీ నా పక్కనే కుర్చీలో కూర్చుని పగలూ రాత్రీ ఉంది. ఆబా వారం రోజులు వార్డు గుమ్మం దగ్గరే నిలబడ్డాడు, లోపలికి రాలేదు. తర్వాత ఒకరోజు వచ్చి నా పాదం పట్టుకుని కూర్చున్నాడు.

నీ మీద కోపం ఉంది. ఉందని చెప్పకపోతే ఈ ఉత్తరం అబద్ధమవుతుంది. నేను చేశానంటే నువ్వు నమ్మలేదు. ఒక్కసారి నమ్మి ఉంటే దీపావళికి ముందే మిరజ్ వచ్చేవాళ్ళం. కానీ కోపం వచ్చినప్పుడల్లా దాన్ని చెప్పుకోవాలనిపించేది కూడా నీకే. ఇదేం కర్మో నాకు తెలియదు.

వచ్చే నెల రాష్ట్ర జట్టు వెళ్తోంది. సవిత ఉంది. నాలుగో గడిలో అదే కూర్చుంటుందట. చూడటానికి వచ్చి, నా మంచం మీద తల పెట్టి ఏడ్చింది. నేనే ఓదార్చాను. డాక్టరు మొన్న మళ్ళీ చూసి, ఆ గడి మాట ఇంక మరిచిపొమ్మన్నాడు. పైకి సరేనన్నాను. మరిచిపోలేదు. ఇప్పటికీ ఎవరైనా వెనక నడిస్తే నా వీపు చెయ్యి కోసం చూస్తుంది.

ఈ పొద్దున వ్యాయామం గదిలో నన్ను ఎత్తు బల్ల మీద కూర్చోబెట్టి, వ్యాయామం చేయించే బాయీ వచ్చేదాకా కదలొద్దన్నారు. ఆవిడ ఎంతకీ రాలేదు. కాళ్ళు కిందికి వేలాడేసి కూర్చున్నాను. మచ్చ ఎర్రగా, చిప్ప దాని మధ్యలో. నాకు ఎంత భయమేసిందో నీకు తెలియదు. లేస్తే జారుతుందా? ఇంత కోసీ, ఇంత ఏడ్చీ, మళ్ళీ అదేనా? ఎవరైనా వెనక నుంచి చెయ్యి వేసి లెమ్మంటే బాగుండుననిపించింది. ఎవరూ లేరు. నువ్వైనా రాసి ఉంటే ఆ ముక్క తలుచుకునేదాన్ని. నువ్వూ రాయలేదు.

లేచాను.

ఎడమకాలు నేల మీద ఆనించాను. బరువంతా దాని మీద వేశాను. చిప్ప కదల్లేదు. గుమ్మంలోంచి ఆయీ "వృషాలీ!" అని కేక వేసింది. వెనక నుంచి పిలిచారు కదా, తిరిగాను. ఆత్యా, తిరిగాను! చిప్ప దాని చోటే ఉంది. ఆయీ గోడకి ఆనుకుని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

ఆయీ నిన్ను రమ్మంటోంది. గట్టు దగ్గర ఇంకొకరు నిలబడటానికి చోటుందట. నేనూ రమ్మంటున్నాను. వస్తే మాత్రం ఒకటి ఒప్పుకోవాలి. నేను ఖో వినకుండానే లేచాను. ఫౌలిస్తే ఇచ్చుకో.

నీ వృషాలి